అమ్మ పెన్షన్ ఆంధ్రాలో, నేను హైదరాబాద్‌లో. బదిలీ అవుతుందా?

కృష్ణ_ఒడ్డు
అందరికీ నమస్కారం. మా అమ్మ జగ్గయ్యపేట దగ్గర ఊళ్లో ఒక్కతే ఉంటుంది. వితంతు పెన్షన్ 4000 వస్తుంది. మోకాళ్లు అరిగిపోయాయి, నా దగ్గరికి తెచ్చుకుందామని చూస్తున్నా. మూడు సందేహాలు. పెన్షన్ తెలంగాణకి మార్పించుకోవచ్చా? మారకపోతే ఎన్ని నెలలు తీసుకోకుండా ఉండొచ్చు? ఆధార్ అడ్రస్ ఇక్కడికి మారిస్తే అక్కడ పేరు పోతుందా? అమ్మ మాత్రం "నా నాలుగువేలు పోయేటట్టయితే నేను రాను" అని కూర్చుంది.

భద్రాద్రి_బాబు
అన్నా, మార్పించుకుని ఏం చేస్తారు? ఇక్కడ తెలంగాణలో వితంతువులకి నెలకి 2016 రూపాయలే. మాది భద్రాచలం, మా పెద్దమ్మది ఎటపాక. బజారైనా ఆసుపత్రైనా వాళ్లు మా ఊరికే రావాలి. 2014లో ఎటపాక వైపు మండలాలు ఆంధ్రాలో కలిపినప్పుడు పెద్దమ్మ ఏడ్చింది. ఇప్పుడు ఒకటో తారీఖు తెల్లారేసరికి గ్రామ సచివాలయం నుంచి ఒకాయన వచ్చి 4000 చేతిలో పెట్టి వెళ్తాడు. వేలిముద్ర పడకపోతే కొంగుతో వేలు తుడిచి, నూనె రాసి, మళ్లీ పెట్టిస్తాడు. మా అమ్మ పోస్టాఫీసు అరుగు మీద కూర్చోవాలి. ఒక తల్లి బిడ్డలు, ఇద్దరికీ భర్తలు లేరు. పండక్కి కలిస్తే ఇదే పోట్లాట.
పైగా ఆ 2016లో అమ్మ చేతికొచ్చేది 2000. పదహారు రూపాయలకి చిల్లర లేదంటారు.

రిటైర్డ్_సూపరింటెండెంట్
ముప్పై ఏళ్లు మండల ఆఫీసుల్లో పెన్షన్ సీటు చూసినవాణ్ని. తెలిసీ తెలియక రాసేవాళ్లకి ఒకసారి చెప్తున్నాను. 1995లో కేంద్రం వృద్ధాప్య పెన్షన్ పథకం పెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. ఇప్పటికీ 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకి కేంద్రం వాటా 200, 80 దాటితే 500. అదీ దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకే. మిగతాదంతా రాష్ట్రం సొంత సొమ్ము. అందుకే రాష్ట్రం దాటితే బదిలీ అనే మాటే లేదు. రేషన్ దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు, పెన్షన్ అలా కుదరదు. అక్కడ రద్దు చేయించుకుని ఇక్కడ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, మంజూరయ్యేదాకా ఎదురు చూడాలి.

చెన్నపట్నం_చిన్నది
మీరు 2016 అని బాధపడుతున్నారు. ఇక్కడ తమిళనాడులో వెయ్యి ఉన్నదాన్ని 2023లో 1200 చేశారు. మా అత్తగారు మందులకి నా మొహమే చూస్తారు.

లెక్కల_మాస్టారు
భద్రాద్రి బాబూ, నెలకి 16 అంటే ఏడాదికి 192. 2019లో 2016 అయింది, అప్పటి నుంచి లెక్కేసుకో. మా ఊళ్లో కూడా ఇంతే. అడిగితే "వచ్చే నెల కలిపి ఇస్తాలే" అంటారు. ఆ వచ్చే నెల ఎప్పటికీ రాదు.

పాత_బీపీఎం
నేను బ్రాంచి పోస్టుమాస్టర్‌గా చేసి దిగిపోయాను. మీరంతా మమ్మల్ని దొంగల్ని చేసి మాట్లాడుతున్నారు. మూడొందల మంది పెన్షన్‌దారులుంటే, మనిషికి 16 చొప్పున 4800 రూపాయల చిల్లర కావాలి. పైనుంచి వచ్చేవి ఐదొందల కట్టలు. చిల్లర ఎక్కణ్నుంచి తేవాలి? కిరాణా కొట్లో బతిమాలి తెచ్చిన రోజులున్నాయి.

లెక్కల_మాస్టారు
మీరు తెచ్చారేమో. తేనివాడి జేబులో ఆ 4800 ఏమైందో కూడా చెప్పండి సార్.

పాత_బీపీఎం
నోరు అదుపులో పెట్టుకోండి మాస్టారూ. మీ బళ్లో మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క నేను అడిగానా?

వరంగల్_వాణి
అసలు ఆ పదహారు ఎందుకు పెట్టారో అది అడగండి. నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు అని పురోహితుడికి, పెళ్లికొడుక్కి ఇచ్చినట్టు. సంభావన అనుకున్నారు కాబట్టే ఆ లెక్క. కళ్యాణలక్ష్మి కూడా 1,00,116. జీతానికి ఎవరైనా పదహార్లు కలిపి ఇస్తారా?

రిటైర్డ్_సూపరింటెండెంట్
అమ్మా, వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం గురించి రాజ్యాంగం 41వ అధికరణంలోనే ఉంది. సంభావన కాదు.

మిల్లు_కార్మికుడు
సంభావన కాదు, హక్కు అనాలంటే అది మాది. నూలు మిల్లులో 22 ఏళ్లు చేశాను. పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం, ఈపీఎస్ కింద 1480 వస్తుంది. కనీస పెన్షన్ 1000 అని 2014లో పెట్టారు, అక్కడే ఆగింది. నెలనెలా జీతం కోయించుకున్నవాడికి ఇంత, పైసా కట్టనివాళ్లకి నాలుగువేలా?

రిటైర్డ్_సూపరింటెండెంట్
మీ జీతంలో కోసింది 12 శాతం, అది పీఎఫ్‌కి పోయింది. ఈపీఎస్‌కి వెళ్లేది యజమాని వాటాలోంచి 8.33 శాతం. ముందు అది తెలుసుకోండి.

మిల్లు_కార్మికుడు
యజమాని వాటా అంటే వాడింట్లోంచి తెచ్చాడా సార్? నా కష్టంలోంచేగా. మీకు పాత పెన్షన్, డీఏ వస్తాయి, కాబట్టి శాతాలు చెప్తారు.

చెన్నపట్నం_చిన్నది
మిల్లు అన్నగారూ, పైసా కట్టలేదంటున్నారు. కూలికి వెళ్లే ఆడవాళ్లకి పీఎఫ్ ఎవరు కట్టారు? మా అమ్మ నలభై ఏళ్లు మిరపకాయలు కోసింది. ఏ రైతూ ఆమె పేరున 8.33 కట్టలేదు. మీ వెయ్యి పెంచమని అడగండి, మేమూ మీ వెంట వస్తాం. అవతలివాళ్ల నాలుగువేలు మీద పడకండి.

పల్నాడు_రాజు
మా తమ్ముడికి పోలియో. 2011లో ఇచ్చిన సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చేది) ఉంది. 6000 వస్తోంది. ఈ మధ్య మళ్లీ పరీక్షించి 38 శాతం అని రాశారు. 40 కంటే తగ్గితే పెన్షన్ లేదు కదా. పద్నాలుగేళ్లలో కాలు ఏమన్నా పెరిగిందా? అప్పీలు పెట్టాం. ఎవరికైనా ఇలా జరిగిందా?

దక్షిణాది_గొంతు
అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. మన పన్నులన్నీ ఉత్తరాదికి పోతున్నాయి. 2021-26కి 15వ ఆర్థిక సంఘం వేసిన లెక్కలో రాష్ట్రాలకిచ్చే పన్నుల వాటాలో బీహార్‌కి 10.058 శాతం. ఆంధ్రాకి 4.047, తెలంగాణకి 2.102. మన డబ్బుతో వాళ్లు పెన్షన్లు పంచుకుంటున్నారు.

వరంగల్_వాణి
ఏం పంచుకుంటున్నారు? బీహార్‌లో 2025 జూన్ దాకా నెలకి 400. జులై నుంచి 1100 చేశారు, అదీ ఎన్నికల ముందు. మా దగ్గర 2023లో కాంగ్రెస్ నాలుగువేలు అని చెప్పి గెలిచింది, ఇంకా 2016 దగ్గరే ఉన్నాం. ముందు ఆ సంగతి మాట్లాడండి.

దక్షిణాది_గొంతు
ఉచిత బస్సు, సన్నబియ్యం, రెండొందల యూనిట్ల కరెంటు ఇస్తున్నారు కదా. పెన్షన్ ఒక్కటే చూస్తే ఎలా?

వరంగల్_వాణి
మంచం దిగలేని మా నానమ్మ ఏ బస్సెక్కుతుంది?

కృష్ణ_ఒడ్డు
అయ్యా, నా ప్రశ్న ఎవరికైనా గుర్తుందా?

సచివాలయం_చెల్లి
అన్నయ్యా, నేను ఆంధ్రాలో ఇంటింటికీ పెన్షన్లు పంచుతాను. వరసగా రెండు నెలలు తీసుకోకపోయినా పర్వాలేదు, మూడో నెల మూడూ కలిపి 12,000 ఇస్తాం. మూడో నెల కూడా తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు రాసి ఆపేస్తారు. ఒకటో తారీఖు ఆదివారమైతే ముందురోజే పంచుతాం, అది చూసుకుని అమ్మగారిని తీసుకురండి. ఆధార్ అడ్రస్ జోలికి ఇప్పుడు వెళ్లకండి.
పల్నాడు రాజు గారూ, అప్పీలు రసీదు జాగ్రత్త. పాత సర్టిఫికెట్, అప్పటి ఆసుపత్రి కాగితాలు పట్టుకెళ్లండి.

పల్నాడు_రాజు
థాంక్స్ చెల్లీ. ఇన్ని పోస్టుల్లో మీరొక్కరే చదివారు.

లెక్కల_మాస్టారు
ఆధార్ మారిస్తే హైదరాబాద్‌లో బస్సు ఫ్రీ, ఊళ్లో నాలుగువేలకి డేంజర్. మార్చకపోతే ఆంధ్రా బస్సులో ఫ్రీ, అదీ రాష్ట్రం దాటే సర్వీసుల్లో పనికిరాదు. కోదాడ దగ్గర బోర్డర్‌లో దిగి ఎక్కాలేమో మరి.

పాత_బీపీఎం
గుడ్ల సంగతి అన్నందుకు సారీ మాస్టారూ. కానీ దొంగ అన్న మాట మీరు వెనక్కి తీసుకోలేదు.

లెక్కల_మాస్టారు
మిమ్మల్ని అనలేదు. తీసుకున్నవాణ్ని అన్నాను.

కృష్ణ_ఒడ్డు
సచివాలయం చెల్లికి రుణపడి ఉంటా. అమ్మకి ఫోన్లో చదివి వినిపించా. "అయితే రెండు నెలలుంటా, మూడో నెల ఒకటో తారీఖుకి నన్ను ఊళ్లో దింపాలి" అంది. మోకాళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ ఆ మధ్యలోనే చూసుకోవాలి.

భద్రాద్రి_బాబు
ఈ చర్చ చదివాక ఈసారి అమ్మతో నేనే వెళ్లి నిలబడ్డా. నన్ను చూసి అడక్కుండానే పదహారూ ఇచ్చారు. ఒక పది నోటు, ఒక ఐదు బిళ్ల, ఒక రూపాయి. అమ్మ ఇంటికొచ్చి ముందు పెద్దమ్మకి ఫోన్ చేసింది.