పూజ గది గోడలో లక్ష్మీదేవి పలక ఎప్పటిది?

పెంకుటిల్లు: కాకినాడ దగ్గర మా తాతగారి ఇంట్లో పూజ గది గోడకు ఆరంగుళాల పింగాణీ పలక ఉంది, దాని మీద ఉబ్బెత్తుగా లక్ష్మీదేవి. వరండాలో అలాంటిదే ఒకటి ఊడిపడితే వెనక ‘మేడిన్ జపాన్’ అని ఉంది. ద్వారబంధం మీద 1896 అని చెక్కారు. పలకలూ అప్పటివే కదా?

సున్నపుగోడ: కాదండీ. ఇంటి వయసు పలకకు రాదు, తర్వాత అతికించి ఉంటారు. జపాన్‌లో ఈ మెజోలికా పలకలు (ఉబ్బెత్తు బొమ్మల మీద రంగుల గాజుపూత వేసినవి) జోరుగా తయారైంది 1910ల నుంచి. మన దేవుళ్ల పలకలు ఇక్కడికి ఎక్కువగా వచ్చింది 1920లు, 30లలో, రవివర్మ బొమ్మల అచ్చులు చూసి చేసినవి. అవాజీ దీవిలోని డాంటో కంపెనీ ముద్ర ఉందేమో చూడండి.

పాతసామాన్లు: జపాన్ అని ఉంటే 1921 తర్వాతదే. అంతకుముందు నిప్పన్ అని, అంటే వాళ్ల భాషలో జపాన్ పేరే, వేసేవారు. ఇంక చర్చ ఎందుకు?

సున్నపుగోడ: ఆ రూలు అమెరికా కస్టమ్స్‌ది. కాకినాడకు వచ్చిన సరుకుకు అదెలా వర్తిస్తుంది? ఏడాది మీరన్నదే కావచ్చు, కారణం మాత్రం తప్పు.

నెమలికన్ను: మా ఇంట్లో నెమలి పలకలున్నాయి, ఫొటో పెడతా.

పాతసామాన్లు: రూలు ఎవరిదైతేనేం! విక్టోరియా కాలపు ఇంగ్లండ్ పలకలని చెప్పి ఒకాయన నాకు ఎనిమిది అంటగట్టాడు, వెనక సిమెంటు గీకితే జపాన్ ముద్ర బయటపడింది. అప్పటి నుంచి వెనక చూడందే నమ్మను. లక్ష్మీదేవినీ ఊడదీసి చూడండి.

పెంకుటిల్లు: ఊడదీయమని ఎంత తేలిగ్గా అనేశారండీ! మా అమ్మ రోజూ పసుపు కుంకుమ పెట్టే పలక అది. మీకు సామానేమో, మాకు దేవుడు.

పాతసామాన్లు: కోపం వద్దు. మా పెదనాన్న ఇల్లు పడగొట్టినప్పుడు గునపం పోటుకి సరస్వతి మూడు ముక్కలైంది. ముందే తీయించి ఉంటే దక్కేది. అందుకే అంటున్నా.

పెంకుటిల్లు: సరే, అసలు సంగతి చెప్తాను. బాబాయిలు ఇల్లు అమ్మేస్తామంటున్నారు. 1896 నాటి పలకలని తేలితే ఆగుతారేమోనని నా ఆశ.

సున్నపుగోడ: ఆ మాట ముందే చెప్పాల్సింది. 1930 నాటిదైనా తొంభై ఏళ్లు దాటింది, ఆ మాటే చెప్పండి, లేని ఏడాది చెబితే రేపు మీ మాట ఎవరూ వినరు. ఊడిన పలక వెనక అంటుకున్నది సున్నమా, సిమెంటా?

పెంకుటిల్లు: తెల్లగా ఉంది, గోటితో గీకితే రాలుతోంది. సున్నమే.

పాతసామాన్లు: అయితే పగలకుండా వస్తుంది. ఇల్లు నిలవకపోతేనే తీయించండి, అదీ సున్నం పని తెలిసిన మేస్త్రీతో. ఆ రోజు కబురు పెట్టండి, నేనూ వస్తాను.