కొత్త ట్యాంకులో పాచి: మందు వేయాలా, ఆగాలా?

కొత్తతొట్టి:
రెండడుగుల చేపల ట్యాంకు పెట్టి మూడు వారాలైంది. అడుగున ఆక్వాసాయిల్ మట్టి, అనూబియాస్, జావా ఫెర్న్ మొక్కలు, ఒక డ్రిఫ్ట్‌వుడ్ చెక్క. చేపలు ఇంకా వేయలేదు. గాజు మీద, ఆకుల మీద గోధుమరంగు పొడి. చెక్క చుట్టూ తెల్లటి జిగురు. రెండు రోజుల నుంచి మట్టి మీద నీలం కలిసిన పచ్చ పొర. లైటు రోజుకు పది గంటలు. షాపులో పాచి మందు ఇచ్చారు, వేయమంటారా? చూస్తుంటే టెన్షన్‌గా ఉంది.

గప్పీగూడు:
వేసేయండి. ఆగమన్న వాళ్ల మాట విని నెల రోజులు ఆగాను, సగం మొక్కలు ఆ పొర కిందే కుళ్లిపోయాయి. చివరికి ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే నాలుగు రోజుల్లో శుభ్రమైంది.

నీటితోట:
గప్పీగూడు గారూ, మీ మందు పని చేసింది, కాదనను. కానీ ఇక్కడ ఉన్నవి మూడు వేర్వేరు సంగతులు. వాటిలో రెండు అసలు జబ్బులే కావు.

గోధుమ పొడి డయాటమ్‌లు, అంటే కంటికి విడిగా కనబడనంత చిన్న నాచు. కొత్త ట్యాంకులో దాదాపు అందరికీ వస్తాయి, కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. వేలితో తుడిస్తే పోతాయి. చెక్క మీది తెల్ల జిగురు, చెక్కలోంచి ఊరే పదార్థాలు తిని పెరిగే బ్యాక్టీరియా, బూజు. పాత టూత్‌బ్రష్‌తో రుద్దేయండి, లేదా వదిలేయండి.

పట్టించుకోవాల్సింది మూడోదే. బడిలో నీలి ఆకుపచ్చ శైవలం అని చదివాం గానీ, అది నాచు కాదు, బ్యాక్టీరియా. వేలితో లాగితే గుడ్డ పేలికలా ఊడొస్తుంది, మట్టి వాసన కొడుతుంది. వరి పొలాల్లో ఎరువుగా చల్లేదీ ఈ జాతే. వీటిలో కొన్ని గాలిలోని నత్రజనిని పట్టుకోగలవు. అందుకే మొక్కలకు నత్రజని ఇచ్చే నైట్రేట్ అడుగంటిన ట్యాంకులో మొక్కలు నీరసిస్తున్నా ఇది బతుకుతుంది. నీటి కదలిక లేని మూలల్లో మరీ ఎక్కువ.

కాబట్టి ముందు ట్యూబుతో ఆ పొరను పీల్చేయండి, సగం నీళ్లు మార్చండి. లైటు ఆపి, దుప్పటి కప్పి మూడు రోజులు చీకట్లో ఉంచండి. గాలి పంపు మాత్రం ఆపొద్దు, చచ్చే పొర ఆక్సిజన్ లాగేస్తుంది. తర్వాత మళ్లీ సగం నీళ్లు మార్చి, లైటు టైమర్ మీద ఆరు గంటలకు పెట్టండి. మీ దగ్గరున్నవి రెండూ నెమ్మది మొక్కలే. హార్న్‌వార్ట్ లాంటి త్వరగా పెరిగేది గుప్పెడు వేస్తే పాచికి తిండి మిగలదు.

షాపు సీసాలో రాగి ఉందేమో లేబుల్ చూడండి. ఉంటే, రేపు ష్రింప్‌లు వేసినా అవి బతకవు.

గప్పీగూడు:
చీకటి పద్ధతి నేనూ రెండుసార్లు చేశాను. రెండుసార్లూ తిరిగొచ్చింది. అప్పుడే మందు జోలికి వెళ్లాను. ఫిల్టర్‌లో అమ్మోనియాను తినేసే మంచి బ్యాక్టీరియాకు ఏమవుతుందోనని రోజూ అమ్మోనియా టెస్ట్ చేశాను.

నీటితోట:
తిరిగొచ్చిందంటే నీటి కదలిక, లైటు గంటలు మార్చకపోయి ఉంటారు. అవి సరిచేసినా మళ్లీ వస్తే, అప్పుడు ఎరిత్రోమైసిన్ గురించి ఆలోచించడం తప్పు కాదు. కానీ అది డాక్టరు చీటీ మీద ఇచ్చే యాంటీబయాటిక్. పొర కనబడిన మొదటి వారమే తొట్టిలో పోసి, ఆ నీళ్లు డ్రైనేజీలో వదలడం నాకు నచ్చదు.

కొత్తతొట్టి:
ఇప్పుడే లాగి చూశాను, పేలికలా ఊడొచ్చింది, మట్టి వాసనే. ఈ రాత్రి దుప్పటి కప్పేస్తున్నాను. లేబుల్ మీద కాపర్ సల్ఫేట్ అని ఉంది. సీసా మూత తీయను.