క్రెడిట్ స్కోరు బాగోలేదు, స్థలం ఉంది. తనఖా లోన్ తీసుకున్నవాళ్లు చెప్పండి

ఎండమావి:
నా పేరు మీద ఖాళీ స్థలం ఉంది, కాగితాలు క్లియర్. వ్యాపారం దెబ్బతిని రెండేళ్ల కింద క్రెడిట్ కార్డు బాకీ కొంత తగ్గించి కట్టి సెటిల్ చేసుకున్నాను. ఇప్పుడు స్కోరు (అప్పులు సరిగ్గా కట్టామో లేదో చూపే అంకె) 560. రెండు బ్యాంకులు కుదరదన్నాయి. స్థలమే తాకట్టు పెడుతుంటే స్కోరుతో పనేంటి? ఒక వడ్డీ వ్యాపారి మాత్రం వారంలో ఇస్తానని కాగితాలు కూడా పంపాడు.

పాతకాపు:
బ్యాంకుకి మీ స్థలం అక్కర్లేదండీ, నెలనెలా కిస్తీ కావాలి. వేలం వేసి వసూలు చేసుకోవడం వాళ్లకీ తలనొప్పే. నా స్కోరూ ఇలాగే ఉండేది. ఏడాది స్టేట్‌మెంట్లు, అద్దె రశీదులు పెట్టాకే ఫైలు కదిలింది. అయినా విలువలో సగం కూడా ఇవ్వలేదు. ఆ విలువైనా మనం చెప్పుకునే రేటు కాదు, హడావిడిగా అమ్మితే ఎంతొస్తుందో వాల్యుయర్ అది రాశాడు. ఖాళీ స్థలమైతే ఇల్లు కంటే ఇంకా తగ్గిస్తారు.

గోడమీదపిల్లి:
ఏజెంటు మాట విని ఒకే నెలలో ఆరు చోట్ల అప్లై చేశా. ఆరుగురూ నా క్రెడిట్ రిపోర్టు తీసి చూడటంతో ఆరు ఎంక్వైరీలు పడి, ఉన్న స్కోరూ జారింది. ఆ తప్పు చేయకండి.

లెక్కలపిచ్చి:
వడ్డీ ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని ముందే అడగండి. లక్షకి 12% ఫ్లాట్, 5 ఏళ్లు అంటే వడ్డీ 60 వేలు, కిస్తీ 2,667. అసలు తీరుతున్నా వడ్డీ తగ్గదు. తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది 20% దాటుతుంది. వినడానికి మాత్రం 12 చల్లగా ఉంటుంది!

నీలిగడప:
వడ్డీ సంగతి తర్వాత, ముందు కాగితం చూడండి. మా నాన్నగారికీ ఒకాయన ఇలాగే ఇస్తానన్నాడు. "తనఖా అయితే ఖర్చెక్కువ, సేల్ డీడ్ రాసెయ్యండి, బాకీ తీరాక తిరిగి రాసిస్తా" అన్నాడు. నాన్నగారు పెన్ను మూత కూడా తీశారు. మా అక్క మూడో పేజీ పైకి చదివింది: "పూర్తి పైకం ముట్టినది, స్వాధీనము అప్పగించితిమి." చేతికి ఇంకా పైసా రాలేదు! లేచి వచ్చేశాం. చివరికి స్థలంలో ఓ ముక్క అమ్మి అవసరం గడుపుకున్నాం. ఆ ముక్క పోయిందని అమ్మ ఇప్పటికీ సణుగుతుంది, అది వేరే సంగతి.

పాతకాపు:
ఎండమావి గారూ, రిపోర్టులో "సెటిల్డ్" అనే ఉంటే మిగతా బాకీ కట్టి "క్లోజ్డ్" అని మార్పించుకునే వీలుందేమో అడగండి. కొంచెం టైం పడుతుంది.

ఎండమావి:
రిపోర్టు తీశాను. ఎప్పుడో తీర్చేసిన బండి లోను ఇంకా బాకీ ఉన్నట్టే చూపిస్తోంది, ఫిర్యాదు పెట్టా. నీలిగడప గారూ, మీరు చెప్పాక ఆయన పంపిన కాగితాలు మళ్లీ చదివా. పదకొండు పేజీల్లో "తనఖా" అనే మాట ఒక్కచోటా లేదు.

నీలిగడప:
సంతకం పెట్టకండి. రేపే ఎవరైనా లాయరుకి చూపించండి. ఆయన చెప్పిన లాయరుకి మాత్రం కాదు.