గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల హక్కుల గురించి మన నాయకులు ఏమంటున్నారు? కోనసీమ, పశ్చిమ గోదావరి వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

లంకఊరి అబ్బాయి

మాది మలికిపురం దగ్గర. మా వదిన కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. సంక్రాంతి నుంచి జీతం లేదు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉంది. ఫోన్ కూడా రాత్రిపూట మాత్రమే ఇస్తున్నారు. మా అన్నయ్య ఊళ్లో నాయకుడి దగ్గరికి వెళ్తే "ఎంబసీకి చెప్పిద్దాంలే" అన్నారు. చెప్పించారు కూడా, కాదనను. ఆ తర్వాత ఏమైందో ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు.

మా వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి లేదు. ఎన్నికలు వస్తే కొబ్బరి ధర, రొయ్య ధర, డ్రెయిన్ల పూడిక, ఏటిగట్టు అన్నీ మాట్లాడతారు. అక్కడ పనిచేసేవాళ్ల జీతం, సెలవు, పాస్‌పోర్టు గురించి మాత్రం ఎవరి నోటా నేను వినలేదు. మీరు విన్నారా? ఏ నాయకుడు ఏం అన్నాడు, ఏం చేశాడు, మీ ఇంట్లో వాళ్లకి నిజంగా ఏది పనికొచ్చింది, రాయండి. పార్టీల గొడవ వద్దు ప్లీజ్.

ఫహాహీల్ అక్క

తమ్ముడూ, ముందు మీ వదిన సంగతి చూద్దాం. నేను కువైట్‌లో పనిచేసి నరసాపురం వచ్చేశాను. ఆవిడకి మొదట చెప్పాల్సిన మాట: కొడుతుంటే, ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప చెప్పాపెట్టకుండా ఆ ఇంట్లోంచి బయటికి రావద్దని. బయటికి వచ్చిన రోజే యజమాని "పారిపోయింది" అని కేసు పెడతాడు. అప్పుడు జీతం అడగాల్సిన మనిషే దోషిలా నిలబడాలి. మా గదిలో ఉన్న ఆచంట అమ్మాయికి అదే జరిగింది. రావాల్సిన జీతం అంతా వదులుకుని ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లకి ఎంబసీ ఇచ్చే తాత్కాలిక ప్రయాణ కాగితం) మీద ఇంటికొచ్చింది. ఒకవేళ బయటికి రాక తప్పకపోతే నేరుగా మన ఎంబసీకే వెళ్లమనండి, తెలిసినవాళ్ల గదికి వద్దు.

రెండోది, అక్కడ చట్టం లేక కాదు. ఇంటిపనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం తెచ్చారు. రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పని మానేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. జీతం ఆలస్యం చేస్తే నెలకి 10 దినార్లు అదనంగా ఇవ్వాలని కూడా అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లు అని పెట్టారు.

నేను పనిచేసిన ఇంట్లో ఇవేవీ నాకు తెలియవు. మామా (ఇంటి యజమానురాలు) చెప్పిందే చట్టం. ఇక్కడ విమానం ఎక్కే ముందు మన వాళ్లెవరైనా తెలుగులో ఒక కాగితం మీద ఇవి రాసి చేతిలో పెట్టి ఉంటే నేను వారానికి ఒక్క రోజైనా పడుకునేదాన్ని. నాయకులను నేను అడిగేది ముందు ఇదే.

అమలాపురం సైకిల్‌షాపు

పార్టీ గొడవ వద్దన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. 2024 జులైలో మన కోనసీమ కుర్రాడిని ఖతర్‌లో ఉద్యోగం అని తీసుకెళ్లి సౌదీ ఎడారిలో ఒంటెల దగ్గర పడేశారు. అతను వీడియో పెడితే మంత్రి నారా లోకేష్ స్పందించారు, కుర్రాడు ఇంటికి వచ్చాడు. అంతకుముందు కేంద్రంలో సుష్మా స్వరాజ్ గారు విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు కూడా ట్విట్టర్‌లో రాస్తే జవాబు వచ్చేది. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఫిర్యాదు పెట్టే మదద్ పోర్టల్ 2015లో ఆవిడ హయాంలోనే వచ్చింది. 2024 డిసెంబరులో ప్రధాని మోదీ కువైట్ వెళ్లినప్పుడు మీనా అబ్దుల్లాలో లేబర్ క్యాంపుకు వెళ్లి మనవాళ్లతో కూర్చున్నారు. నాయకులు అసలు పట్టించుకోరు అనడం సరికాదు.

లంకఊరి అబ్బాయి

అన్నా, ఆ కుర్రాడు ఇంటికి చేరడం మా అందరికీ ఆనందమే. మా వదినకి వీడియో తీయడం రాదు. తీసినా ఆ ఫోన్ ఉంటుందో ఉండదో తెలియదు. వీడియో లేనివాళ్ల మాటేంటి అనే నా బాధ.

పాలకొల్లు మాస్టారు

ఇది కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మనవాళ్లు విదేశాల్లో పనికి వెళ్లడానికి ఆధారం 1983 ఎమిగ్రేషన్ చట్టం. అందులో లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపిన ఏజెంటుకి రెండేళ్ల వరకూ జైలు, 2,000 రూపాయల వరకూ జరిమానా. మళ్లీ చదవండి, రెండు వేలు. ఒక్క మనిషిని పంపితే అంతకు ఎన్నో రెట్లు సంపాదిస్తారు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగే సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. మన ఊళ్లలో ఎవరైనా అంతే కట్టి వెళ్లారా? నాకు తెలిసిన ఇళ్లన్నింటిలో బంగారం కుదువ పెట్టో, వడ్డీకి తెచ్చో లక్షల్లోనే కట్టారు.

ఈ పాత చట్టం మార్చాలని 2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకొకటి వచ్చాయి. రెండూ చట్టం కాలేదు. శశి థరూర్ అధ్యక్షతన ఉన్న పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీ కూడా కొత్త చట్టం ఆలస్యాన్ని ఎత్తిచూపింది. చివరికి 2025 అక్టోబరులో విదేశాంగ శాఖ ఓవర్‌సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగింది. అడిగిన రోజుల్లో మన డెల్టాలో ఒక్క సభ జరిగిందని నేను వినలేదు. నరసాపురం నుంచి యానాం దాకా ఇంతమంది గల్ఫ్ కుటుంబాలు ఉన్నచోట ఆ ముసాయిదాను తెలుగులో చదివి వినిపించే బాధ్యత ఎంపీలది, ఎమ్మెల్యేలది. నా బాధంతా అక్కడే. ఒక మనిషిని వెనక్కి తెచ్చినప్పుడు ఫొటో ఉంటుంది. బిల్లులో ఒక క్లాజు మార్పించినప్పుడు ఫొటో ఉండదు, కానీ దాని మీద వేలమంది జీతాలు ఆధారపడతాయి.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. 1983 చట్టం కింద ఏజెంటు మీద కేసు నడపాలంటే కేంద్రం అనుమతి కావాలి. పోలీసులు ఈ మాట చెప్పి పంపేస్తుంటారు. కానీ మోసపోయిన మనిషి గానీ, వాళ్ల భర్త, భార్య, తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదని 27వ సెక్షన్‌లోనే ఉంది. మీ అన్నయ్య ఫిర్యాదు రాసేటప్పుడు ఆ సెక్షన్ నంబరు వేయమనండి.

దోహా నుంచి ఒకడు

మాది ముమ్మిడివరం. ఖతర్‌లో ఉంటాను. ఇక్కడ 2020లో కంపెనీ మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) అక్కర్లేదన్నారు. 2021 నుంచి అందరికీ కనీస జీతం 1,000 రియాల్స్. వసతి, తిండి కంపెనీ ఇవ్వకపోతే వాటికి వేరే లెక్క. ప్రపంచ కప్ వస్తోందని ప్రపంచమంతా వేలెత్తి చూపింది కాబట్టి జరిగింది.

అదే సమయంలో మన ప్రభుత్వం ఏం చేసింది? మనవాళ్లను పనికి తీసుకోవాలంటే ఇంత జీతం ఇవ్వాలని కేంద్రం దేశానికొక లెక్క పెడుతుంది. 2020 సెప్టెంబరులో ఆ లెక్కను ఖతర్, బహ్రెయిన్, ఎమిరేట్స్, ఒమన్ దేశాలకు 200 డాలర్లకు తగ్గించేశారు. కరోనాలో మనవాళ్ల ఉద్యోగాలు పోకుండా అని కారణం. తెలంగాణ హైకోర్టులో పిల్ పడింది, గల్ఫ్ కార్మికుల సంఘాలు గట్టిగా అడిగాయి. 2021 జులైలో పాత లెక్కే ఉంటుందని పార్లమెంటులో చెప్పారు. ఆ పది నెలల్లో మా క్యాంపులో కొత్తగా వచ్చిన కుర్రాళ్ల జీతం మా కంటే తక్కువ. అదే పని, అదే ఎండ. అప్పుడు మన జిల్లాల నుంచి ఎవరు మాట్లాడారో నేను వెతికాను, నాకు కనబడలేదు.

కత్తిపూడి కోడలు

ఆడవాళ్లను అసలు పంపకూడదు అనే మాట మా వైపు స్టేజీల మీద చాలాసార్లు విన్నాను. చప్పట్లు కూడా పడతాయి. దాని గురించి రాయాలి.

ఆడవాళ్లను కాపాడాలని పెట్టిన నిబంధనలు చాలానే ఉన్నాయి. పదో తరగతి లేని ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలి. ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి, మన రాష్ట్రంలో అది ఓంక్యాప్ (విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ప్రభుత్వ సంస్థ). కువైట్ యజమాని 720 దినార్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలని కూడా కొన్నేళ్లు పెట్టి, 2017లో తీసేశారు. ఉద్దేశం మంచిదే. జరిగింది ఏమిటంటే, ఏజెంట్లు వయసు దిద్దడం నేర్చుకున్నారు. దుబాయ్‌కో మస్కట్‌కో విజిట్ వీసా మీద పంపి అక్కడి నుంచి మక్తబ్‌కి (పనివాళ్లను ఇళ్లకు కుదిర్చే అక్కడి ఆఫీసుకి) అప్పజెప్పడం నేర్చుకున్నారు. మా చిన్నత్త అలాగే వెళ్లింది. అలా వెళ్లిన మనిషి ఈ-మైగ్రేట్ (విదేశాలకి పనికి వెళ్లేవాళ్లను కేంద్రం నమోదు చేసే వెబ్‌సైటు) లెక్కలో ఉండదు. 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. ఆవిడ అక్కడ పని చేస్తున్నట్టు మన దేశానికి తెలియనే తెలియదు.

వెళ్లొద్దు అనే నాయకుడు ఇక్కడ ఏం పని ఉందో కూడా చెప్పాలి. మా ఊళ్లో ఊడ్పులు, కలుపు, కోతలతో ఆడవాళ్లకి ఏడాదిలో చాలా నెలలు పని ఉండేది. చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు గట్టున కాపలాకి, మేత చల్లడానికి ఇద్దరు మగవాళ్లు చాలు. సెంటు భూమి లేని ఇంట్లో కూతురి పెళ్లి, ఇంటి స్లాబు, మొగుడి అప్పు అన్నీ ఆ ఖద్దామా (గల్ఫ్‌లో ఇంటి పనిమనిషి) జీతం మీదే నడుస్తున్నాయి.

ఫిలిప్పీన్స్ వాళ్లు చూడండి. 2018లో వాళ్ల పనిమనిషి శవం కువైట్‌లో ఫ్రీజర్‌లో దొరికితే అధ్యక్షుడు దుతెర్తె మనుషుల్ని పంపడం ఆపేశారు. అక్కడితో వదల్లేదు. మే నెలకల్లా ఒప్పందం రాయించుకుని, పనిమనిషి ఫోన్ తన దగ్గరే ఉండాలని అందులో పెట్టించారు, ఆ తర్వాతే మళ్లీ పంపారు. మన దేశం కూడా 2021 జూన్‌లో జైశంకర్ గారు వెళ్లినప్పుడు ఇంటిపనివాళ్ల మీద కువైట్‌తో ఒప్పందం రాసుకుంది. అది ఎంతవరకు అమలవుతోందో అడిగే గొంతు మన వైపు నుంచి లేవాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లకి మద్దతుగా అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం తెచ్చింది. ఫిలిప్పీన్స్ ఆమోదించింది, మన దేశం ఇంతవరకూ ఆమోదించలేదు.

ఆత్రేయపురం పూతరేకు

కారణం ఒక్కటే, ఓటు. 2010 చట్ట సవరణతో విదేశాల్లో ఉన్నవాళ్లకి ఓటు ఇచ్చారు గానీ, ఇక్కడికొచ్చి స్వయంగా వేయాలి. ఏ కఫీల్ సెలవిస్తాడు? వేరేవాళ్ల ద్వారా ఓటు వేసే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, తర్వాత మురిగిపోయింది. కేరళలో మాత్రం ప్రవాసుల కోసం నోర్కా అనే ప్రభుత్వ శాఖ 1996 నుంచీ ఉంది, తిరిగొచ్చినవాళ్లకి పింఛనుకి సంక్షేమ బోర్డు ఉంది. అక్కడ కుటుంబం మొత్తం గల్ఫ్ అంశం మీద ఓటేస్తుంది. మన దగ్గర ఇంట్లో మిగిలినవాళ్లం కూడా కులం చూసి, పార్టీ చూసి వేస్తున్నాం.

అమలాపురం సైకిల్‌షాపు

తెలంగాణలో కూడా 2024 సెప్టెంబరులో గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షలు అని జీవో ఇచ్చారు. మన రాష్ట్రంలో ఏపీఎన్ఆర్టీ (ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది. ప్రవాసుల వ్యవహారాలకి మంత్రి కూడా ఉన్నారు, కొండపల్లి శ్రీనివాస్ గారు.

ఫహాహీల్ అక్క

చనిపోయాక ఇచ్చేది కావాలి, ఎందుకు వద్దు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో బిల్డింగ్ తగలబడి 45 మంది మనదేశం వాళ్లు పోయారు. ముగ్గురు ఆంధ్రా వాళ్లు, అందులో ఇద్దరు మన గోదావరి వైపు వాళ్లే. ఆ వారం అందరు నాయకులూ మాట్లాడారు. ఒక గదిలో ఎంతమందిని పెట్టాలి, మంటలొస్తే మెట్లు తెరిచి ఉన్నాయా అని అంతకుముందు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. బతికుండగా అడిగేవాళ్లు కావాలి నాకు.

భీమవరం ఐస్‌ప్లాంటు

ఒక మాట. మా ఏరియాలో రొయ్యల ప్రాసెసింగ్ షెడ్లలో ఒడిశా ఆడపిల్లలు తలకాయలు వలుస్తున్నారు. చల్లటి నీళ్లలో గంటల తరబడి చేతులు పెట్టి నిలబడి, షెడ్డు వెనక హాస్టల్లో పడుకుంటారు. వాళ్లని తెచ్చిన మేస్త్రీ దగ్గరే వాళ్ల జీతం లెక్క. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది, అందులో ప్రయాణ ఖర్చు, వసతి, వైద్యం అన్నీ రాసి ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి అది కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది. మన ఎమ్మెల్యేలు ఆ షెడ్లు ప్రారంభించడానికి వస్తారు. ఆ పిల్లల జీతం లెక్క అడిగినవాళ్లని నేను చూడలేదు. మన అమ్మాయిల కోసం కువైట్ వాళ్లని అడగాలంటే ఇక్కడ కూడా అడగాలి.

కత్తిపూడి కోడలు

నిజం. పై బిల్లు మీద అడిగేటప్పుడు ఇది కూడా కలపాలి.

లంకఊరి అబ్బాయి

అందరికీ ధన్యవాదాలు. అన్నయ్య మదద్‌లో ఫిర్యాదు పెట్టాడు, నంబరు వచ్చింది. వదిన సివిల్ ఐడి (కువైట్ గుర్తింపు కార్డు) ఫొటో, అగ్రిమెంటు ఫొటో వాట్సాప్‌లో పంపింది, అవి జత చేశాం. ఏజెంటు మీద మాస్టారు చెప్పినట్టు 27వ సెక్షన్ రాసి ఫిర్యాదు తయారు చేస్తున్నాం.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్తున్నాం. మా ఊరి గల్ఫ్ కుటుంబాల ఆడవాళ్లు కూడా వస్తామన్నారు. ఎంపీ గారికి ఇవ్వడానికి వేరే కాగితం రాశాం: కొత్త బిల్లు తెలుగులో మా మండలాల్లో చదివి వినిపించాలి, లైసెన్సు లేని ఏజెంటు జరిమానా అతను తిన్న డబ్బుకి తగ్గట్టు ఉండాలి, విజిట్ వీసా మీద వెళ్లి ఇరుక్కున్నవాళ్లకి కూడా బీమా, న్యాయ సాయం ఉండాలి, షెడ్లలో ఒడిశా వాళ్ల జీతాల మీద తనిఖీ జరగాలి. ఇంకేమైనా కలపాలా?

పాలకొల్లు మాస్టారు

ఎంపీ గారు పార్లమెంటులో ప్రశ్న వేయాలని రాయండి. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది. లిఖితపూర్వక ప్రశ్నకి మంత్రి కాగితం మీద జవాబివ్వాలి, అది అందరూ చూడొచ్చు. కాగితం రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి.

ఫహాహీల్ అక్క

వదినకి జీతం అందిన రోజు ఇక్కడ రాయి తమ్ముడూ. ఏ అధికారి మాట విన్నాడో, ఎన్నాళ్లు పట్టిందో కూడా రాయి. తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది.