బర్మా, మయన్మార్, బ్రహ్మదేశం: కుటుంబ చరిత్రలో ఏ పేరు రాయాలి?

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ‘రంగం’ (అంటే బర్మాలోని రంగూన్) వెళ్లి, 1942లో జపాన్ వాళ్లు వచ్చినప్పుడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఇప్పుడు ఆ కథ రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. ఆయన వెళ్లిన దేశం పేరేం రాయాలి?

ఇంతవరకు తెలుసుకున్నది చెబుతాను. 1989లో సైనిక ప్రభుత్వం ఇంగ్లిష్‌లో బర్మా పేరును మయన్మార్‌గా, రంగూన్‌ను యాంగోన్‌గా మార్చింది. నేను ఇది మన మద్రాసు చెన్నై అయినట్టే అనుకున్నాను. కాదట! బర్మీస్ భాషలో రెండు పేర్లూ ముందునుంచీ ఉన్నాయి: రాతలో ‘మ్యన్మా’, మాటల్లో ‘బమా’. రెండూ ఒకే మాటకు రెండు రూపాలు. చివరి ‘ర్’ వాళ్లు పలకనే పలకరు. అది ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ‘మా’ దీర్ఘమని చూపడానికి పెట్టిన అక్షరం. మనం మాత్రం దాన్ని శ్రద్ధగా పలుకుతున్నాం. యాంగోన్ అంటే ‘కలహాల ముగింపు’ అని అర్థం, 1755లో అలౌంగ్‌పాయా రాజు పెట్టాడు.

నా సందేహాలు రెండు. పాత తెలుగు రాతల్లో కనిపించే ‘బ్రహ్మదేశం’ నిజంగా బ్రహ్మ నుంచి వచ్చిందా, లేక ‘బమా’కు మనవాళ్లు తొడిగిన సంస్కృతం చొక్కానా? రెండోది, అక్కడ తెలుగువాళ్లను కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద ‘కోరంగీలు’ అనేవారు కదా, మరి వాళ్లు ఇంట్లో ఆ దేశాన్ని ఏమనేవారు? మా అమ్మమ్మ ఊరికీ దేశానికీ కలిపి ‘రంగం’ అనే అంటుంది.

బర్మా నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు, బర్మీస్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. పాత ఉత్తరాల్లో ఏ పేరు కనిపించినా నాకు పనికొస్తుంది.