దీర్ఘరోగం ఉన్న పల్లె మహిళకు తిండి సాయం: ఆమెకు మాత్రమేనా, ఇంటిల్లిపాదికీనా?

పొలంగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

షుగర్, టీబీ, హెచ్‌ఐవీ, కీళ్లవాతం లాంటి జబ్బులతో నెలలు, ఏళ్ల తరబడి మందులు వాడే పల్లె ఆడవాళ్లకు తిండి సాయం చేసేవాళ్లందరి దగ్గరా ఇదే పంచాయితీ. ఉన్న డబ్బు కొంచెమే. దాన్ని జబ్బుమనిషి మీదే పెట్టి ఆమెకు తగిన తిండి ఇవ్వాలా? లేక వాటాలు తగ్గినా సరే, ఇంటికంతా ఇవ్వాలా?

నా ఓటు మొదటిదానికి. ఇంటికంతా అనగానే సంచీలో ధాన్యం పెరుగుతుంది, పప్పులు, కూరగాయలు తగ్గుతాయి. షుగర్ ఉన్నావిడకు కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. పైగా అది మామూలు పేదల పథకంగా మారిపోయి, జబ్బుమనిషి మళ్లీ వరసలో చివరికి పోతుంది.

నర్సమ్మ_రిటైర్డ్

పొలంగట్టు గారూ, ఆ సంచీ గడప దాటాక ఏమవుతుందో ఎప్పుడైనా చూశారా? పిల్లాడు పక్కన కూర్చుని గ్లాసు వంకే చూస్తుంటే ఏ తల్లి తన పాలు తానే తాగుతుంది? తిన్నావా అమ్మా అంటే తిన్నానండీ అంటారు. బరువు తూస్తే ముల్లు కదలదు. మీరు ఆమె పేరు మీద ఎంతిచ్చినా అది ఇంటికంతా పంచిన తిండే. మిగతావాళ్ల కడుపు నిండే ఏర్పాటు ముందు చేయండి, అప్పుడే ఆమె వాటా ఆమెకు దక్కుతుంది.

లెక్కలపిచ్చి

సరిగ్గా ఈ ప్రశ్నకు దగ్గరగా ఒక పెద్ద పరీక్ష జరిగింది కాబట్టి అక్కడి నుంచి మాట్లాడుకుందాం. 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లో 'రేషన్స్' పేరుతో చేశారు. టీబీ రోగులందరికీ నెలకు 10 కిలోల చొప్పున ఆహారం ఇచ్చారు. సగం ప్రాంతాల్లో మాత్రం ఇంట్లోవాళ్లకు కూడా, పెద్దలకైతే తలా 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, చిన్నపిల్లలకు అందులో సగం కలిపారు. అలా కలిపిన చోట ఇంట్లోవాళ్లకు కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. రోగుల సంగతి వేరే వ్యాసంలో ఉంది: మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది.

పొలంగట్టు

లెక్కలు బాగున్నాయి సార్, కానీ అవి నా మాటను కొట్టేయవు. 39 శాతం మేలు ఇంట్లోవాళ్లకు జరిగింది. టీబీ అంటుకునే జబ్బు, కాబట్టి అక్కడ ఇంటికంతా పెట్టడానికి గట్టి కారణం ఉంది. షుగర్, కీళ్లవాతం అంటుకోవు కదా! ఇంటికి పంచడం వల్ల ఆ ఆడమనిషి ఆరోగ్యం ఎంత మెరుగుపడిందో ఆ అంకె చెప్పదు.

మందులచీటీ

నేను ఇన్సులిన్ వేసుకునే మనిషిని. మీరంతా కిలోల గురించే కొట్టుకుంటున్నారు. నాకు కావాల్సింది టైముకు తిండి. సూది వేసుకున్నాక తినడానికి ఏమీ లేకపోతే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, స్పృహ కూడా తప్పొచ్చు. అందుకని ఇంట్లో సరుకు అడుగంటిన రోజుల్లో చాలామంది సూదే తగ్గించేస్తారు. డాక్టరేమో "మందు సరిగా వాడట్లేదు" అని చీటీ మీద రాస్తారు. నెలకోసారి పెద్ద సంచీ ఇస్తే మొదటి రెండు వారాలు పండగ, తర్వాత పస్తులు.

ఇంకోటి. ఆ సంచీ మోసుకొచ్చేదెవరు, వండేదెవరు? మోయలేకే కదా సాయం అడిగింది.

యువరైతు

అక్కా, ఎన్నాళ్లని ఈ సంచులు? పశ్చిమ కెన్యాలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు అప్పు ఇచ్చి, నీళ్ల పంపు కొనిపించి, సాగులో శిక్షణ ఇచ్చారు. 'షాంబా మైషా' అంటారు. 16 ఆస్పత్రుల పరిధిలో 746 మందితో పరీక్షించారు. రెండేళ్లలో వాళ్ల తిండి కొరత తగ్గింది. పెట్టుబడి అలాంటిదాని మీద పెట్టాలి.

మందులచీటీ

తమ్ముడూ, ఆ పంపు కరెంటుది కాదు, మనిషి బలంతో నడిచేది. మందులు బాగా పనిచేసి ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు సరే. వేళ్లు వంగని కీళ్లవాతం మనిషిని పంపు దగ్గర నిలబెడతావా?

లెక్కలపిచ్చి

అదే పరీక్షలో ఇంకో సంగతి కూడా చెప్పాలి. తిండి కొరత తగ్గింది గానీ, ఒంట్లో వైరస్ అదుపు విషయంలో ఆ సాయం అందినవాళ్లకూ, అందనివాళ్లకూ మధ్య తేడా రాలేదు. తిండి కుదిరితే జబ్బు దానంతటదే దారికొస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నగదు ఇవ్వొచ్చు కదా అని ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా. 2011లో ఈక్వడార్‌లో నగదు, కూపన్లు, సరుకులు మూడూ పోల్చి చూశారు. కేలరీలు ఎక్కువ పెరిగింది సరుకులతో, తిండిలో రకాలు ఎక్కువ పెరిగింది కూపన్లతో. అందించే ఖర్చు సరుకులకే ఎక్కువ. కాకపోతే అది పట్టణాల్లో చేసింది. అంగడి దూరంగా ఉన్న ఊళ్లో కూపన్ పట్టుకుని ఆవిడ ఏం చేస్తుంది?

వంటింటివైపు

అసలు ఆమె తింటోందో లేదో కొలిచే పద్ధతే వంకరగా ఉంది. సర్వేల్లో చాలావరకు "మీ ఇంట్లో" అని అడుగుతారు, జవాబు చెప్పేది ఇంటి పెద్ద. ఆడవాళ్లను విడిగా అడిగే కొలత ఒకటుంది: నిన్న పగలూ రాత్రీ కలిపి పది రకాల ఆహార వర్గాల్లో కనీసం ఐదు తిన్నారా అని. అదేమో 15 నుంచి 49 ఏళ్లవాళ్లకు తయారుచేసింది. షుగర్, బీపీ ముదిరేది ఆ తర్వాతి వయసులోనే. అరవై ఏళ్లావిడ ఆ లెక్కలోకే రాదు. మీరు ఏ పద్ధతిలో పంచినా, ఆమెకు అందిందని ఏం చూసి చెప్తారు?

నర్సమ్మ_రిటైర్డ్

దానికి నా దగ్గర పాత మందే ఉంది, తూకం. మందులకు వచ్చినప్పుడల్లా బరువు తూచి, షుగర్ ఉంటే అది కూడా చూసి పుస్తకంలో రాయాలి. షుగర్‌కు, టీబీకి ఇది పనికొస్తుంది. కీళ్లవాతానికి అంతగా కాదు, ఒప్పుకుంటా.

పొలంగట్టు

సరే, అయితే రెండు సంచులు. ఇంటిది ఇంటికి. ఆమెది విడిగా, మందులతో పాటు పదిహేను రోజులకోసారి, మోయగలిగినంత బరువులో. దీనికేమంటారు?

నర్సమ్మ_రిటైర్డ్

మందులచీటీ అమ్మాయి చెప్పిన రెండూ అందులో ఉన్నాయి, బాగుంది. కానీ హెచ్‌ఐవీ ఉన్నావిడ ఆ విడి సంచీతో ఆస్పత్రి నుంచి బయటికొస్తే దారిలో చూసిన ప్రతివాళ్లకూ సంగతి తెలిసిపోతుంది. చాలామంది ఆ సంచీ తీసుకోకుండానే వెళ్లిపోతారు. జబ్బు ఏదైనా ఒకే సంచీ, పైన ఏ రాతా లేకుండా, బీపీ మాత్రలకు వచ్చినావిడకు కూడా ఇస్తేనే ఇది నడుస్తుంది. అప్పుడు ఖర్చు మీరు మొదట అనుకున్న దానికంటే చాలా పెరుగుతుంది పొలంగట్టు గారూ. అది ఎక్కడి నుంచి తెస్తారో చెప్పండి.