సమస్యాపూరణం: చేయి కలుపఁగానె చిచ్చు రేగె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇస్తున్నాను: «చేయి కలుపఁగానె చిచ్చు రేగె». వస్తువు: ప్రతిపదార్థంతో తయారై, మనలాగే ఆలోచించే ప్రాణి. సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. ఎలక్ట్రానుది ఋణావేశం. అదే బరువుతో, ధనావేశంతో దానికొక జోడీ ఉండాలని 1931లో భౌతికశాస్త్రవేత్త డిరాక్ అన్నాడు. 1932లో ఆండర్సన్ కాస్మిక్ కిరణాల్లో దాన్ని పట్టుకున్నాడు. అదే పాజిట్రాన్. ఇలాంటి జోడీ కణాలతో తయారైందే ప్రతిపదార్థం. ఎలక్ట్రానూ పాజిట్రానూ కలిశాయా, రెండూ ఉండవు, గామా వెలుగే మిగులుతుంది. గడువు ఆదివారం రాత్రి పదింటిదాకా. యతి తప్పితే తాతగారు ఊరుకోరు, లెక్క తప్పితే మాస్టారు ఊరుకోరు. ఇద్దరికీ నేను పూచీ కాదు.

కృష్ణలంక: బోణీ నాదే.

దూర తార నుండి దూతయై వచ్చెను
మనల వంటి వాడె, మాట కలిపె,
ప్రతిపదార్థ జీవి, పలకరింపుల వేళ
చేయి కలుపఁగానె చిచ్చు రేగె.

ఛందస్సు తాత: నడక బాగుంది. దూ-దూ, మ-మా, ప్ర-ప, ఎక్కడా చెయ్యి పెట్టక్కర్లేదు. భావం మాస్టారు చూడాలి.

ఫిజిక్సు మాస్టారు: భావంలోనే ఉంది చిక్కు. పలకరింపుల దాకా అతను ఎలా బతికున్నాడండీ? మన గాలి కూడా అతనికి శత్రువే కదా. గన్నవరంలో దిగేదాకా అక్కర్లేదు, పైన పల్చటి గాలి తగలగానే మొదలవుతుంది. ఒక గ్రాము పదార్థం, ఒక గ్రాము ప్రతిపదార్థం కలిస్తే సుమారు 43 కిలోటన్నుల పేలుడు. హిరోషిమా బాంబు 15 దగ్గర. 70 కిలోల మనిషీ 70 కిలోల ప్రతిమనిషీ పూర్తిగా కలిసిపోయారనుకోండి, 3,000 మెగాటన్నులు. దాన్ని మీరు «చిచ్చు» అన్నారు!

కృష్ణలంక: సమస్య ఇచ్చింది నేను కాదు మాస్టారూ. సరే, ఇద్దరూ గాలి లేని చోట కలిశారనుకోండి. మాట కలిపింది రేడియోలో.

ఫిజిక్సు మాస్టారు: అలాగైతే ఒప్పుకుంటాను. అసలు అలాంటి ప్రాణి ఉండొచ్చా అంటే, రసాయనం అడ్డు చెప్పదు. 2016లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో ఆల్ఫా బృందం ప్రతి-హైడ్రోజన్ వర్ణపటం కొలిస్తే మన హైడ్రోజన్‌కి ఎక్కడ గీత పడుతుందో అక్కడే పడింది. అంటే ప్రతి-నీళ్ళు తడుపుతాయి, ప్రతి-గోంగూర పుల్లగానే ఉంటుంది, ప్రతి-మెదడుకీ టెన్షన్ ఉంటుంది. ప్రతి-హైడ్రోజన్‌ని వదిలితే పైకి లేస్తుందేమోనని కొందరికి ఆశ ఉండేది. 2023లో వదిలి చూశారు, మనలాగే కిందికి పడింది. అలాంటి ప్రాణి ఎక్కడుంటుందన్నదే చిక్కు. మన పాలపుంతలో ప్రతి-నక్షత్రం ఉంటే, చుట్టూ ఉన్న వాయువు తగిలి అంచులు గామా కిరణాలతో మెరవాలి. సరే, నాదీ ఒకటి వినండి.

కాంతి రెంటి కొకటె, కనులకు తెలియదు
తార మనదొ కాదొ తరచి చూడ;
ఎడమ చేయి చాచి యేతెంచె, నెఱుగక
చేయి కలుపఁగానె చిచ్చు రేగె.

ఛందస్సు తాత: ఎడమ చెయ్యి ఎందుకయ్యా? మర్యాద తెలియనివాడా?

ఫిజిక్సు మాస్టారు: మర్యాద తెలిసినవాడే తాతగారూ, అదే ఇందులో మెలిక. భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ చెప్పిన చమత్కారం. దూరాన ఉన్నవాడికి రేడియోలో «కుడి» అంటే ఏమిటో చెప్పి చూడండి. బొమ్మ గియ్యకూడదు, చూపించకూడదు. అన్నం తినే చెయ్యి అంటారా, వాడు ఏ చేత్తో తింటాడో మనకేం తెలుసు? 1957 దాకా దీనికి దారి లేదనే అనుకున్నారు. ఆ ఏడాది చియెన్-షుంగ్ వూ బృందం కోబాల్ట్-60 ప్రయోగం బయటపెట్టింది. కేంద్రకాల్ని గట్టి చలిలో, అయస్కాంతంతో ఒకే వైపు తిప్పి నిలబెడితే, ఎలక్ట్రాన్లు ఒక దిక్కుకే ఎక్కువగా దూకాయి. దాన్నిబట్టి కుడి ఏదో మాటల్లో చెప్పొచ్చు. వాడూ శ్రద్ధగా అదే ప్రయోగం చేస్తాడు, కానీ ప్రతి-కోబాల్టుతో. వాడి లెక్క తిరగబడుతుంది. కుడి చెయ్యే అనుకుని మర్యాదగా ఎడమ చెయ్యి చాపుతాడు. అది చూసినవాడు వెనక్కి పరిగెత్తాలి. నా పద్యంలో మనవాడికి ఆ సంగతి తెలియలేదు.

ఛందస్సు తాత: «ఎఱుగక» అన్న ఒక్క మాటలో ఇంత కథ దాచావా! ముందే కనుక్కునే ఉపాయం లేదా?

ఫిజిక్సు మాస్టారు: ఉంది. 1964లో క్రోనిన్, ఫిచ్ కేయాన్లనే కణాల్లో పదార్థానికీ ప్రతిపదార్థానికీ మధ్య ఇంకో చిన్న తేడా పట్టుకున్నారు. దాన్నిబట్టి «నువ్వు మా పదార్థమేనా?» అని రేడియోలోనే అడగొచ్చు. అది పెడితే నా పద్యం చచ్చిపోతుంది కనుక పెట్టలేదు.

మిర్చియార్డు గుమాస్తా: అందరూ మనవైపు నుంచే చెబుతున్నారు. ఇది వాడి మాట.

మమ్ముఁ బ్రతు లటంద్రు, మా కంటికిన్ మీరె
ప్రతులు కారె? తగవు పరిహరింప
నడుమ నెవ్వరుండు? నమ్మి మీ ముంగిట
చేయి కలుపఁగానె చిచ్చు రేగె.

నిర్వాహకుడు: అబ్బ! రైతుకీ కొనేవాడికీ మధ్య కమీషన్ వ్యాపారి ఉంటాడు. ఇక్కడ ఆయనా లేడు, పాపం.

ఛందస్సు తాత: ఒక్క అభ్యంతరం. «ప్రతులు» అంటే నాకు తాళపత్రాల ప్రతులే గుర్తొస్తాయి. అయినా పద్యంలో కోపం నిజంగా ఉంది, వదిలేస్తున్నాను.

ఇంజినీరింగ్ కుర్రాడు: నాకు ఇదే మొదటి పద్యం, తిట్టకండి. అరటిపండులో పొటాషియం-40 ఉంటుంది. దాన్నుంచి ఎప్పుడో ఒక పాజిట్రాన్ పుడుతుంది.

అరటిపండులోన నప్పుడప్పు డొకటి
ప్రతికణంబు పుట్టి పరుగులెత్తు;
ఎదురుపడిన కణము కనఁబడి నవ్వుచు
చేయి కలుపఁగానె చిచ్చు రేగె.

ఛందస్సు తాత: మూడో పాదం చూడు బాబూ. ఎ-కి క-తో యతి ఎక్కడిది? పైగా ఎదురుపడ్డాక మళ్ళీ కనబడటమేమిటి? «కాచియున్న ఋణము కనఁబడి నవ్వుచు» అను. కా-క కుదిరింది. ఎలక్ట్రానుది ఋణావేశమని నిర్వాహకుడే చెప్పాడు. నవ్వుతూ వచ్చి చెయ్యి కలిపే ఋణం సంగతి లోకానికంతా తెలుసు.

ఇంజినీరింగ్ కుర్రాడు: తాతగారూ, నా ఎడ్యుకేషన్ లోను గుర్తొచ్చింది.

ఛందస్సు తాత: ఇంతకీ ఒక సంగతి. నలభై ఏళ్ళు పిల్లల చేత ప్రతిపదార్థ తాత్పర్యాలు రాయించినవాణ్ణి. మీ ప్రతిపదార్థం వేరే అని నాకు రెండో పద్యానికి గానీ తలకెక్కలేదు. ప్రతిపద+అర్థం, ప్రతి+పదార్థం. ఈ శ్లేష ఎవరూ ముట్టుకోలేదేం?

ప్రతిపదార్థ మడుగఁ బంతులు, చెప్పితి
పరమ భౌతికంపు పాఠ మొకటి;
పదము నర్థ మిట్లు పరిచయమై రెండు
చేయి కలుపఁగానె చిచ్చు రేగె.

కృష్ణలంక: ఆ పంతులు తమరేగా?

అరండల్‌పేట అమ్మాయి: నాది వస్తువుకి కాస్త దూరం. గ్రహాంతర జీవి లేడు. మొన్న అమ్మకి పెట్ స్కాన్ తీయించాం. చక్కెరకి ఫ్లోరిన్-18 తగిలించి ఎక్కిస్తారట, అందులోంచి పాజిట్రాన్లు వస్తాయట. బయట బెంచీ మీద కూర్చుని రాశాను.

చక్కెరొడిని దాగి జబ్బున్న చోటికి
వెదకి వెళ్ళినట్టి వింత కణము
అమ్మ యొడలిలోని యణువుతో నొకసారి
చేయి కలుపఁగానె చిచ్చు రేగె.

ఫిజిక్సు మాస్టారు: అది కలిసేది అణువుతో కాదు, అందులోని ఎలక్ట్రానుతో. అయినా ఒక్క అక్షరం మార్చొద్దమ్మా. రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకి వెళ్తాయి, యంత్రం ఆ రెంటినీ కలిపి గీత గీస్తుంది. చోటు అలా తెలుస్తుంది. మేమందరం చిచ్చుని పేలుడు చేశాం, నువ్వు దీపం చేశావు.

ఛందస్సు తాత: చ-జ యతి చెల్లుతుంది. అమ్మకి ఎలా ఉంది తల్లీ?

అరండల్‌పేట అమ్మాయి: పర్లేదు తాతగారూ, మందులు మొదలుపెట్టారు. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నది. మీ పద్యాలన్నీ చదివి వినిపించాను. మాస్టారి ఎడమ చెయ్యి కథంతా విని, «వచ్చినవాడికి దూరం నుంచి దణ్ణం పెడితే పోయేదిగా, ఇంత గొడవెందుకూ» అంది.